ఫుట్‌బాల్ గురువు రహీం

బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు ఎందరో ఉంటారు. కాని, మైదానాన్నే బడిగా మార్చి, దేశం గర్వించదగిన ఆటగాళ్ళను తీర్చిదిద్దినవారు అరుదు. అటువంటి వారిలో సయ్యద్ అబ్దుల్ రహీం అగ్రగణ్యులు. శిష్యులు ఆయనను ప్రేమగా రహీం సాబ్ అని పిలిచేవారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆనాడు హైదరాబాదు నిజాం ఏలుబడిలో ఉండేది. చిన్ననాటి నుండి ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయినా చదువును నిర్లక్ష్యం చేయలేదు. బి.ఎ. పట్టా పుచ్చుకొని ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను విద్యార్థులకు ఆటలు నేర్పారు.

తరువాత ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టులోని వారు ఆటనే నమ్ముకొని బతికేవారు కారు. పోలీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడే సామాన్యులు. విదేశీ ఆటగాళ్ళకున్న సౌకర్యాలు వారికి లేవు. లేనివాటిని తలచుకొని కుమిలిపోవడం రహీం స్వభావం కాదు. ఉన్న బలాన్ని ఎలా పెంచుకోవాలా అని ఆయన ఆలోచించారు.

మనలో చాలామందికి కుడికాలు వాటంగా ఉంటుంది, ఎడమకాలు తడబడుతుంది. ఆటగాడు సహజంగా వాటమైన కాలినే వాడుతాడు. రహీం ఈ అలవాటును మాన్పదలచారు. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపారు. మొదట్లో ఆటగాళ్ళు తడబడ్డారు. సాధన చేసిన కొద్దీ రెండు కాళ్ళూ సమానంగా పనిచేయసాగాయి. బంతిని తన కాళ్ళ వద్దే అట్టిపెట్టుకొని ఒక్కడే పరుగెత్తడాన్ని కూడా ఆయన మెచ్చేవారు కారు. బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడే పద్ధతిని 19వ శతాబ్దంలోనే స్కాట్లండ్ ఆటగాళ్ళు ప్రపంచానికి చూపారు. రహీం తన శిష్యులకు అదే మార్గాన్ని బోధించారు. భివండి మరమగ్గాలలో నాడె ఇటూ అటూ పరుగెత్తుతూ బట్టను నేసినట్లు, బంతి ఒక కాలి నుండి మరొక కాలికి చకచకా సాగుతూ ఆటను అల్లాలని ఆయన కోరిక.

ఈ శిక్షణకు తగిన ఫలితం లభించింది. భివండికి దగ్గరలోనే ఉన్న బొంబాయి నగరంలో, 1891లో ప్రారంభమైన రోవర్స్ కప్ పోటీలు జరిగేవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టే గెలుచుకొన్నది.

రహీం భారత జట్టు బాధ్యత కూడా స్వీకరించారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. కాని మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో ఘోర పరాజయం ఎదురయింది. యుగోస్లావియా జట్టు మనవారిని 10-1 తేడాతో ఓడించింది. ఆనాటి మన ఆటగాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడారు. ఈ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం నిరుత్సాహపడలేదు. ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన హంగరీ జట్టు ఆటతీరును శ్రద్ధగా పరిశీలించి, అందులోని మెలకువలను మనవారికి నేర్పారు.

ప్రతిభ ఎక్కడున్నా గుర్తించడం ఆయనకున్న గొప్ప గుణం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలో పుట్టాడు. సాధనకు హైదరాబాదు వచ్చిపోయే ఖర్చు భరించలేని స్థితి అతనిది. రహీం అతనికి సైకిలు ఏర్పాటు చేశారు. ఆ యువకుడే దేశంలోని మేటి ఆటగాళ్ళలో ఒకడయ్యాడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. బొంబాయిలో ఆడే నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ పేరు పొందింది. పతకం దక్కకపోయినా నాలుగవ స్థానం లభించింది. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్‌తో ఓడిన దేశమేనా ఇది అని అందరూ అబ్బురపడ్డారు.

1962లో ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల తినివేస్తున్నది. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. రక్షణ స్థానంలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధి ప్రశ్నించినందువల్ల అక్కడి ప్రజలు మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. ఇన్ని చిక్కుల మధ్య మన జట్టు ఫైనల్ చేరింది. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే!

ఆ సమయంలో రహీం తన శిష్యులను కోరినది ఒక్కటే, స్వర్ణ పతకం. గాయపడిన జర్నైల్ సింగ్‌ను వెనుక నుండి తెచ్చి ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న సుమారు లక్ష మంది ప్రేక్షకుల కేకల నడుమ ఫైనల్ జరిగింది. పి.కె. బెనర్జీ మొదటి గోల్ చేశాడు. కొద్ది నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండవ గోల్ చేశాడు. భారత్ 2-1 తేడాతో గెలిచింది. గురువు కోరిన కానుకను శిష్యులు సమర్పించారు.

తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి అటుపిమ్మట మరొక స్వర్ణం రాలేదు. ఆయన జీవితం ఆధారంగా 2024లో ఒక హిందీ చలనచిత్రం కూడా వెలువడింది.

రహీం స్వయంగా ఒలింపిక్స్‌లో బంతిని తన్నలేదు, పతకాన్ని మెడలో ధరించలేదు. అయినా ఆనాటి ప్రతి విజయంలోను ఆయన శ్రమ ఉన్నది. బలమైన కాలిని నమ్ముకొని సంతృప్తి పడక, బలహీనమైన కాలికి బలం కూర్చుకోవాలని ఆయన నేర్పారు. ఆటలోనే కాదు, చదువులోను, పనిలోను మనకు కష్టమనిపించే దానినే ముందుగా సాధన చేయాలి. అదే మనం ఆ గురువుకు సమర్పించగల నివాళి.