కోత ఆపిన క్లౌ దొర

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో సేద్యం చేసుకునే విశ్వాసుల మధ్య లేవీయకాండము 25వ అధ్యాయం చదివినప్పుడల్లా మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఏడవ ఏట విత్తకుండా, కోయకుండా ఉంటే ఇంటిల్లిపాదీ ఏం తినాలి? వానల్లేక, చెరువు ఎండి భూమి బీడు పడడం ఇక్కడివారికి కొత్త కాదు. కానీ పండే చేను కళ్ళ ముందు ఉండగా, దేవుని మాట మీద నమ్మకంతో నాగలి పక్కన పెట్టడం వేరు. పైగా ఆ ఏడు దానంతటదే పండినది బీదలకు విడిచిపెట్టాలని నిర్గమకాండము 23వ అధ్యాయం చెబుతోంది. ఇది ఎలా సాధ్యమని అడిగేవారికి మేము ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సంగతి చెబుతాం. పోలిక మాది. ఆయన బీడు పెట్టింది పొలాన్ని కాదు, తన సేవను.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో భూముల సర్వే పని నేర్చుకున్నారు. 1865లో మన దేశానికి వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం మొదలైంది. పదేళ్ళలో అది వేలకు పెరిగింది. సరిగ్గా అప్పుడే 1876-78 నాటి మహా కరువు వచ్చిపడింది. వెనుకే కలరా.

ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఎప్పుడో నేర్చిన సర్వే పని ఇప్పుడు అక్కరకొచ్చింది. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఎన్నో ఊళ్ళ నుండి వచ్చిన బీదలు పగలంతా మట్టి తవ్వి, పని ఆగిన వేళల్లో బోధకుల చుట్టూ చేరి వాక్యం విన్నారు. విని, బాప్తిస్మం అడిగారు.

క్లౌ ఇవ్వనన్నారు. గంజి కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో ఆ రోజుల్లో ఎవరు చెప్పగలరు? అసలు ఆకలితో ఉన్న మనిషి తన మనసు తానే ఎలా తెలుసుకుంటాడు? అందుకే సహాయం అందుతున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకూడదని తీర్మానించుకున్నారు. సుమారు 15 నెలలు ఆ మాట మీదే నిలబడ్డారు. ఇది తేలికని ఎవరూ అనుకోవద్దు. ఈసారి అడిగినవారిలో మళ్ళీ అడగడానికి ఎందరు బతికి ఉంటారో తెలియని కాలం అది. మా సంఘాల వార్షిక నివేదికలో బాప్తిస్మాల గడి ఒక్క ఏడు ఖాళీగా ఉంటేనే పాస్టరుగారికి నిద్ర పట్టదు, మాకు బాగా తెలుసు! ఆయన శరీరానికి ఆ నెలల్లో విశ్రాంతి లేదు. అంతకుముందెన్నడూ లేనంత పని చేశారు. పంట తనదన్న లెక్కను మాత్రం దేవునికి అప్పగించి ఊరుకున్నారు.

1878 జూన్ నాటికి కరువు సహాయం ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి బోధకులను రమ్మన్నారు. వారి వెంట జనం వేలల్లో వచ్చారు. ఇక డబ్బు లేదు, సహాయం లేదు, ఇళ్ళకు వెళ్ళమని క్లౌ చెప్పారు. వారు కదలలేదు. తమకు డబ్బు అక్కర్లేదనీ, కష్టపడి బతుకుతామనీ, బాప్తిస్మం మాత్రం కావాలనీ పట్టుబట్టారు. బోధకులు ఒక్కొక్కరినీ పరీక్షించి పేర్లు రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క 9,606 అయింది. ఇంత తొందరేమిటని తప్పుపట్టినవారు అప్పట్లో ఉన్నారు. ఆ 15 నెలల సంగతి వారు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

క్లౌ 1910లో అమెరికాలో ప్రభువు సన్నిధికి చేరారు. ఆ జూలై 3ను తలచుకున్నప్పుడల్లా మాకు గుర్తొచ్చేది ఒకటుంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్ళలో దిగారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆగి, తిరిగి సాయంత్రం దాకా బాప్తిస్మం ఇస్తూనే ఉన్నారు. ఆ 2,222 మందిలో ఒక్కరికి కూడా క్లౌ తన చేతులతో బాప్తిస్మం ఇవ్వలేదు.