మందులపెట్టెలో దాగిన విత్తనం

1957 జనవరి. అమెరికా వదిలి చైనాకు తిరుగు ప్రయాణమవుతున్న ఒక ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీ సామానును అధికారులు విప్పి విప్పి వెతుకుతున్నారు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న 6,800 డాలర్లు వాళ్ల చేతికి చిక్కాయి. తీసేసుకున్నారు. ఆమె పెద్దగా గొడవ పడలేదు. మందులపెట్టె జోలికి వాళ్లు పోకుండా ఉంటే చాలుననుకున్నదేమో అని నాకనిపిస్తుంది. అందులో దాదాపు 500 గ్రాముల జర్మేనియం, 100 గ్రాముల సిలికాన్ ఉన్నాయి. చూసినవాళ్లకు అవి బూడిదరంగు రాళ్లే. ఎవరూ అనుమానించలేదు.

ఆమె పేరు లిన్ లాన్‌యింగ్. చైనాలో అర్ధవాహక పదార్థాలకు తల్లిగా ఆమెను చెప్పుకుంటారు. మన బి.ఎస్సీ. పుస్తకాల్లో ట్రాన్సిస్టర్ పాఠం రాగానే షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్ పేర్లు వల్లె వేస్తాం. ఈమె పేరు ఎక్కడా కనబడదు. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

1918 ఫిబ్రవరి 7న దక్షిణ చైనాలోని ఫుజియన్ రాష్ట్రంలో, పుతియన్ అనే ఊళ్లో పుట్టింది. ఆడపిల్లకు చదువెందుకు, ఇంటిపని నేర్పితే చాలుననే రోజులు. ఆరేళ్ల వయసులో బడికి పంపనన్నారని గదిలో తలుపేసుకుని అన్నం మానేసిందట. చివరికి పెద్దవాళ్లే దిగివచ్చారు, కానీ ఒక షరతు పెట్టారు: ఇంటిపని మాత్రం తప్పదు. వంటా, గిన్నెలూ అయ్యాకే పుస్తకం. ఇక్కడ నా మాట ఒకటి కలుపుతున్నాను, క్షమించాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. హాస్టలుకు పంపడానికి మా నాయనమ్మ ససేమిరా అన్నది. నేను అన్నం మానలేదు గానీ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

1940లో ఫుకియన్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం పట్టా పుచ్చుకుని, అక్కడే ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పింది. 1948లో అమెరికా వెళ్లి డికిన్సన్ కాలేజీలో గణితం చదివింది. తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఘనస్థితి భౌతికశాస్త్రంలో 1955లో డాక్టరేట్ సంపాదించింది. ఆ పైన సిల్వేనియా కంపెనీలో ఇంజనీరుగా చేరింది. అక్కడ సిలికాన్ ఏకస్ఫటికం తయారీ పదేపదే విఫలమవుతుంటే, చిక్కెక్కడుందో విప్పిచెప్పిన వారిలో ఆమె ముఖ్యురాలు. మంచి జీతం, మంచి ప్రయోగశాల. ఉండిపోతే అడిగేవారెవరు?

ఆమె అక్కడ ఉన్న ఏళ్లలోనే రెండు దేశాల మధ్య గోడ లేచింది. కొరియా యుద్ధం వచ్చింది. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వర్తకం మొత్తం నిలిపివేసింది. పశ్చిమ దేశాలన్నీ కలిసి కోకామ్ అనే సంఘం పెట్టుకుని, కమ్యూనిస్టు దేశాలకు ఏ యంత్రం అమ్మాలి, ఏది అమ్మకూడదు అని జాబితాలు రాసుకున్నాయి. 1952లో చైనా కోసమే ఇంకో సంఘం, ఇంకా కఠినమైన జాబితా. వస్తువులకే కాదు, మనుషులకీ అడ్డుకట్ట పడింది. రాకెట్ శాస్త్రజ్ఞుడు చియెన్ షూసెన్‌ను అయిదేళ్లపాటు అమెరికా వదలనివ్వలేదు. 1955లో జెనీవా చర్చల తర్వాతగాని ఆయన ఇల్లు చేరలేదు. ఆ తర్వాత రెండేళ్లకు లిన్ వంతు వచ్చింది.

చైనా 1956లో పన్నెండేళ్ల విజ్ఞాన ప్రణాళిక వేసుకుని, అత్యవసరమైన పనుల్లో అర్ధవాహకాలను చేర్చింది. ఆ ఏడే పెకింగ్ విశ్వవిద్యాలయంలో అయిదు విశ్వవిద్యాలయాల విద్యార్థుల్ని ఒకచోట చేర్చి ప్రత్యేక తరగతి మొదలుపెట్టారు. నడిపినవారు హువాంగ్ కున్, షియే షీదే. పిల్లలున్నారు, గురువులున్నారు, పాఠాలున్నాయి. లేనిదల్లా చేతికి దొరికే శుద్ధమైన పదార్థం. అది ఎవరూ అమ్మరు.

ఇక్కడ కొంచెం ఆగి, ఏకస్ఫటికం ఎలా తయారవుతుందో చెప్పుకుందాం. ఇది అర్థమైతేగాని ఆమె చేసింది అర్థం కాదు. పద్ధతి పేరు చోక్రాల్‌స్కీ పద్ధతి. మూసలో జర్మేనియం గానీ సిలికాన్ గానీ కరిగిస్తారు. జర్మేనియం 938 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సిలికాన్‌కైతే 1,414 డిగ్రీలు కావాలి. కరిగిన ద్రవానికి తగిలేలా ఒక చిన్న స్ఫటికపు ముక్కను పైనుంచి దించి, మెల్లగా తిప్పుతూ, అంతకంటే మెల్లగా పైకి లాగుతారు. ద్రవంలోని పరమాణువులు ఆ ముక్కలో ఉన్న వరసనే పట్టుకుని ఒక్కొక్కటే అతుక్కుంటాయి. గంటల తర్వాత చేతికి వచ్చేది కడ్డీలాంటి ఒకే స్ఫటికం. ఆ మొదటి ముక్కను ఇంగ్లీషులో సీడ్ అంటారు. అంటే విత్తనమే! లెక్చరర్ గారు ఆ మాట చెప్పగానే నాకు మా ఇంటి అటక గుర్తుకొచ్చింది. మా నాన్న విత్తనపు వడ్లు వేపాకు కలిపి కుండలో పోసి, పైన మట్టితో మూసి దాచేవాడు. ఎంత కరువొచ్చినా ఆ కుండ విప్పకూడదు. విత్తనపు మడిలో బెరుకుల్ని ఒక్కొక్కటే ఏరి పారేసేవాడు. అర్ధవాహకాల్లోనూ అంతే. వంద కోట్ల పరమాణువుల్లో ఒక్కటి పరాయిదైనా లక్షణం మారిపోవచ్చు. మా నాన్నకు వంద కోట్ల లెక్క తెలియదు గానీ బెరుకు సంగతి బాగా తెలుసు.

బీజింగ్ చేరగానే లిన్ భౌతికశాస్త్ర సంస్థలో చేరి, తెచ్చిన ముక్కల్ని సంస్థకు అప్పగించింది. అక్కడ వాంగ్ షౌవు నాయకత్వంలో అప్పటికే పని సాగుతోంది. అదే ఏడాది జర్మేనియం ఏకస్ఫటికం లాగారు. సిలికాన్ దగ్గర చిక్కొచ్చింది. అంత వేడిలో సిలికాన్‌కు గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. కాబట్టి కొలిమిని ఆర్గాన్ లాంటి జడవాయువుతో నింపాలి. ఆర్గాన్ కావాలంటే నిషేధాల వల్ల దొరకదు. అమెరికాలో నేర్చుకున్న పద్ధతి ఇక్కడికొచ్చేసరికి ఒక సిలిండరు దగ్గర ఆగిపోయింది.

మనలాంటివాళ్లం ఆ సిలిండరు కోసం అర్జీలు పెట్టుకుంటూ కూర్చుంటామేమో. ఆమె ప్రశ్ననే మార్చింది. ఆర్గాన్ పని ఏమిటి? గాలిని దూరంగా ఉంచడం. మరి గాలినే తోడేస్తే? కొలిమిలో శూన్యం చేసి అందులోనే స్ఫటికం లాగాలని నిశ్చయించింది. వినడానికి తేలిక. శూన్యంలో సిలికాన్ ఆవిరవుతుంది, క్వార్ట్జ్ మూస అంత వేడికి మెత్తబడుతుంది, వేడి ఏ కొంచెం తేడా వచ్చినా స్ఫటికం వరస చెడుతుంది. ఇన్నిటినీ సంబాళించి, 1958లో, ఆమె దేశానికొచ్చి రెండేళ్లు నిండకముందే, చైనా తొలి సిలికాన్ ఏకస్ఫటికం బయటకొచ్చింది.

1960లో రెండు సంగతులు జరిగాయి. అర్ధవాహకాలకు విడిగా ఒక సంస్థ ఏర్పడింది, లిన్ అందులోకి మారింది. సోవియట్ నిపుణులు మూటా ముల్లే సర్దుకుని వెళ్లిపోయారు. పడమటి తలుపు ముందే మూసి ఉంది, ఇప్పుడు ఉత్తరపు తలుపూ మూసుకుంది. స్ఫటికాలు లాగే కొలిమిని కూడా ఆమె బృందం స్వయంగా రూపొందించుకుంది. 1962లో గాలియం ఆర్సెనైడ్ ఏకస్ఫటికం తయారైంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే జయజయధ్వానాల వ్యాసమవుతుంది. కానీ నిజం ఇంకా ఉంది. ప్రయోగశాలలో ఒక కడ్డీ లాగడం వేరు, కర్మాగారంలో రోజుకు వేల ముక్కలు ఒకేలా తీయడం వేరు. మా పొలంలో ఒక మడిలో బంగారంలాంటి పంట వచ్చినంత మాత్రాన ఊరు ఊరంతా పండినట్టు కాదు కదా. సాంస్కృతిక విప్లవపు ఏళ్లలో విశ్వవిద్యాలయాలు మూతపడి చదువులు దెబ్బతిన్నాయి. ఆ సమయంలోనే బయట ప్రపంచం చిప్పుల తయారీలో పరుగెత్తింది. 1980ల్లో తలుపులు తెరుచుకున్నాక చైనా కర్మాగారాలు చాలావరకు విదేశీ యంత్రాలే కొనుక్కున్నాయి. 2019 నుంచి అత్యాధునిక ముద్రణ యంత్రాలను హాలండ్ చైనాకు పంపనివ్వలేదు. 2022 అక్టోబరులో అమెరికా చిప్పుల మీద, వాటిని తయారుచేసే యంత్రాల మీద విస్తృతమైన ఆంక్షలు పెట్టింది. డెబ్బై ఏళ్ల కిందటి జాబితాలు కొత్త పేర్లతో మళ్లీ వచ్చాయి.

ఇంకొకటి. స్వావలంబన అనగానే ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోకపోవడమని కొందరు మిత్రులు వాదిస్తారు. లిన్ జీవితం ఆ మాటకు ఒప్పుకోదు. ఆమె విద్య అమెరికాలో నేర్చిందే. దాన్ని దాచుకోలేదు, అక్కడే వదిలిపెట్టి రానూలేదు. అధికారులు డబ్బు పట్టుకోగలిగారు, అదృష్టం తిరగబడితే ఆ ముక్కల్నీ పట్టుకునేవారు. చేతికొచ్చిన పనిని మాత్రం ఏ తనిఖీలోనూ తీసుకోలేరు. ముక్కలు పోయినా ఆమె మళ్లీ మొదలుపెట్టి ఉండేదని నా నమ్మకం. ఆలస్యమయ్యేది, అంతే.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇది త్యాగమని రాసినవాళ్లున్నారు. నాకు అలా రాయబుద్ధి కావడం లేదు. ఆమె ఎంచుకున్నదేమో, ఎవరికి తెలుసు.

మొదట్లో చెబుతానన్న రెండో కారణం ఇది. మా ఫిజిక్స్ లేబ్‌లో ఫోర్ ప్రోబ్ ప్రయోగానికి చిన్న జర్మేనియం ముక్క ఒకటుంది. నాలుగు సూదులు దానిమీద ఆనించి, వేడి చేస్తూ రీడింగులు రాసుకుంటాం. పగలగొడితే జరిమానా అని భయపడుతూ పట్టుకోవడమే తప్ప, దాన్ని ఎవరు లాగారు, ఏ విత్తనంతో లాగారు అని నేనెన్నడూ ఆలోచించలేదు. రికార్డులో గ్రాఫు సరిగ్గా వస్తే చాలు, సంతకం పడుతుంది.

1980లో లిన్ చైనా విజ్ఞాన అకాడమీ సభ్యురాలైంది. అరవై తొమ్మిదేళ్ల వయసులో ఇంకో ఆలోచన చేసింది. భూమ్మీద కరిగిన ద్రవంలో బరువు వల్ల సుళ్లు లేచి స్ఫటికం చెడుతుంది. బరువు తెలియని చోట లాగితే? 1987 ఆగస్టులో చైనా పంపి తిరిగి దించుకున్న ఉపగ్రహంలో చిన్న కొలిమి పెట్టి, అంతరిక్షంలో గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం పెంచారు. 2003 మార్చి 4న, ఎనభై అయిదేళ్ల వయసులో, ఆమె బీజింగ్‌లో కన్నుమూసింది.