ఆర్మీనియసు పండితుడు: దైవనిర్ణయము, మానవస్వేచ్ఛ

దైవము బలీయమా, పురుషకారము బలీయమా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మార్జాలకిశోర న్యాయమనియు, మర్కటకిశోర న్యాయమనియు మన వైష్ణవాచార్యులు తరతరములుగా చర్చించిన విషయమువంటిదే క్రైస్తవమతమునందును తీవ్రకలహమునకు కారణమయ్యెను. ఆ కలహమున పెక్కు నిందలకు గుఱియైన జాకోబసు ఆర్మీనియసు చరిత్రమును పాఠకులకు సంగ్రహముగా నివేదింపగోరుచున్నాము.

ఆర్మీనియసు 1560 ప్రాంతమున హాలండునందలి ఔడెవాటరు పట్టణమున జన్మించెను. శైశవముననే తండ్రి గతించెను. 1575లో అతడు జర్మనీలోని మార్బర్గున చదువుకొనుచుండగా, స్పెయిను సేనలు ఔడెవాటరును పట్టుకొని పౌరులను ఊచకోత కోసినవి. తల్లియు తోబుట్టువులును ఆ మారణమున హతులైరి. మఱుసటి యేడు లైడెను విశ్వవిద్యాలయమున చేరి, 1582లో జెనీవాకు పోయి, కాల్వినుకు ఉత్తరాధికారియైన బేజా పండితునికడ వేదాంతమభ్యసించెను. 1588 మొదలు పదునైదేండ్లు ఆంస్టర్డాము నగరమున బోధకుడై, ప్లేగు వ్యాపించిన దినములలో రోగుల యిండ్లకు స్వయముగా పోయి వారిని ఓదార్చెను.

సృష్టికి పూర్వమే దేవుడు కొందఱిని రక్షణకును, తక్కినవారిని నాశనమునకును నిర్ణయించెననియు, ఆ నిర్ణయమునకు మనుష్యుని విశ్వాసముగాని పాపముగాని హేతువు కాదనియు బేజా బోధించెను. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన బోధ కాదు. రక్షణ తన పుణ్యఫలమని మనుష్యుడు గర్వింపరాదను వినయము దీనియందు కలదు. కాని పాపము సైతము పూర్వనిర్ణీతమే యైనచో దానికి కర్త యెవ్వరు? శిక్షకు న్యాయమెక్కడిది? ఈ ప్రశ్నను ఆర్మీనియసు విడువలేకపోయెను. స్వజనుల మరణమే అతని సిద్ధాంతమునకు మూలమని మేము చెప్ప సాహసింపము; కాని అట్టి దుఃఖమెఱిగినవానికి ఇది వట్టి తర్కవినోదము కాజాలదు.

అతడు మనుష్యుని గొప్పచేయలేదు. పతితుడైన మనుష్యుడు స్వశక్తిచే మంచిని కోరనైన జాలడని అతడును అంగీకరించెను. కృపయే ముందు వచ్చి ఇచ్ఛను బంధవిముక్తము చేయును. ఆ కృపను నిరాకరించు స్వేచ్ఛ మాత్రము మనుష్యునికి ఉండును. ధనికుడిచ్చిన భిక్షను పేదవాడు చేయిచాచి పుచ్చుకొన్నంతమాత్రమున అది భిక్ష కాకపోవునా యని అతడడిగెను. ఎవ్వరు విశ్వసింతురో దేవుడు ముందుగా ఎఱిగియే వారిని ఏర్పఱచుకొనునని అతని మతము. ఎఱుగుట వేఱు, చేయించుట వేఱు. పంచాంగము గ్రహణమును ముందుగా తెలుపునేగాని కలిగింపదు గదా! అయితే పంచాంగకర్త సూర్యచంద్రులను సృజింపలేదు. ఫలమునెఱిగియు సృజించిన దేవునికి ఆ ఫలముతో సంబంధము లేదా యని ప్రతిపక్షులు అడుగుదురు. ఆ చిక్కు నేటికిని పూర్తిగా వీడలేదు.

1603లో ఆర్మీనియసు లైడెనున ఆచార్యుడయ్యెను. సహాచార్యుడైన గోమారసుతో వివాదము ముదిరి దేశమంతట వ్యాపించెను. 1608 అక్టోబరు 30న అతడు హేగు నగరమున హాలండు ప్రతినిధుల సభయెదుట తన మతమును వివరించి, మఱుసటి యేడు అక్టోబరు 19న రోగపీడితుడై మరణించెను. 1610లో అతని అనుయాయులు ఐదు సూత్రములతో విజ్ఞాపనము సమర్పించిరి. రాజకీయ స్పర్ధలు మతవాదముతో పెనవేసికొనెను. 1618-19లో డోర్టు మహాసభ ఆ సూత్రములను ఖండించెను. సుమారు 200 మంది బోధకులు పదవీచ్యుతులైరి. వారిని ఆదరించిన వృద్ధమంత్రి ఓల్డెన్‌బార్నెవెల్టు 1619 మే 13న శిరచ్ఛేదము పొందెను. న్యాయశాస్త్రవేత్త గ్రోషియసు చెఱసాల పాలై, 1621లో పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనెను.

ఆర్మీనియసు బోధ అంతటితో అంతరింపలేదు. ఇంగ్లండున జాన్ వెస్లీ దానిని స్వీకరించి, 1778లో ఆర్మీనియసు పేరనే ఒక పత్రికను స్థాపించెను. నాటి నిజాము రాజ్యమునందలి మెదకున 1924లో ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయము ఆ వెస్లీ సంప్రదాయపు మిషనరీలు కట్టించినదే.

ఈ వివాదమున ఎవరి తర్కము గెలిచినదో నిర్ణయించుట మా పని కాదు. విశ్వాసము దేవుని వరమని ఉభయపక్షములును ఒప్పుకొనినవి. అట్టి వరమును చెఱసాలచేతను, ఖడ్గముచేతను కలిగింపజూచుట ఏ పక్షపు సిద్ధాంతమునకును పొసగదని మా అభిప్రాయము.