పురపాలకుడైన కవిరాజు

మహనీయుల చరిత్రములు రెండు విధములుగ వ్రాయబడుచుండును. వారి గ్రంథములను, బిరుదములను, సన్మానములను వరుసగ పేర్చి వ్రాయునది ఒకటి. వారు తమ కాలమును ఇంటికెంత, ఊరికెంత పంచి యిచ్చిరో విచారించి వ్రాయునది రెండవది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక పెద్దమనిషి జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినపుడు, గ్రామపు లెక్కలు వ్రాయుటలో తల నెరసిన నాకు ఈ రెండవ మార్గమే తోచినది. జమయు, ఖర్చును రెండును చూడనిదే యే పద్దును సరిపోయినదని చెప్పరాదు గదా!

నేను ఎన్నుకొన్నవారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. ఆయన మనకు పరాయివారు కారు. గుడివాడకు సమీపమున నున్న అంగలూరు గ్రామమున, ఒక రైతు కుటుంబమున, 1887 జనవరి 15వ తేదీన జన్మించిరి. తండ్రి చలమయ్యగారు, తల్లి రామమాంబగారు. కృష్ణ కాలువల నీటితో పండు ఈ నల్లరేగడి నేలలో నాడు సేద్యము చేయు కుటుంబములు మెల్లమెల్లగ చదువుల వైపు తిరుగుచుండెను. రామస్వామిగారి చదువు ఆలస్యముగ సాగినది. ఇరువదిమూడవ యేట మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఆ యేటనే కారెంపూడి కదనము, కురుక్షేత్ర సంగ్రామము అను రెండు నాటకములు రచించిరి. పెద్ద కుమారుడు గోపీచంద్ గారు 1910 సెప్టెంబరు 8వ తేదీన జన్మించిరి. అనగా ఆయన విద్యార్థిగను, కవిగను, తండ్రిగను ఒక్కసారే జీవితమున అడుగు పెట్టిరన్న మాట. ఈ మూడు బాధ్యతలును కడవరకు ఆయనను విడువలేదు.

1911లో ఆయన బందరు నోబుల్ కళాశాలలో చేరిరి. ఆనాటి బందరు సామాన్యమైన పట్టణము కాదు. 1902లో వెలసిన కృష్ణాపత్రిక అక్కడినుండియే ప్రకటింపబడుచుండెను. జాతీయ విద్య కొరకు ఆంధ్ర జాతీయ కళాశాల అప్పుడే వెలసినది. వీథి వీథిని పద్యము, సభ సభను అవధానము. అట్టి చోట రామస్వామిగారు తామును అవధానములు చేసి ధారణాశక్తికి మెప్పు పొందిరి. అయితే ఆయన మెప్పుతో తృప్తినొందు స్వభావము గలవారు కారు. భారతమును అందరును పాండవుల పక్షమున నిలిచి చదువుచుండగా, కౌరవుల పక్షమున వినవలసిన వాదము కలదా యని విచారించిరి. న్యాయవాది కాకముందే ఆయనలో న్యాయవాది పుట్టెను.

1914లో న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు దేశమందలి డబ్లిన్ నగరమునకు ప్రయాణమైరి. అప్పటికి గోపీచంద్ గారికి నాలుగేండ్లు నిండుచుండెను. ఆ సంవత్సరముననే ఐరోపాలో మహాయుద్ధము మొదలైనది. ఒక రైతుబిడ్డ కుటుంబమును స్వగ్రామమున విడిచి, యుద్ధము రగులుచున్న ఖండమున మూడేండ్లు గడపుట యెంత సాహసమో, ఇంట నిరీక్షించువారికి అది యెంతటి పరీక్షయో మనము ఊహించుకొనవలెను. ఐర్లండు దేశమును ఆంగ్లేయుల పాలనలోనే యుండి స్వపరిపాలనకై పోరాడుచున్న దేశము. అచ్చటినుండి ఆయన కృష్ణాపత్రికకు వ్రాయుచు, అనీబిసెంటమ్మగారి హోమ్‌రూలు ఉద్యమమునకు తోడ్పడవలసినదిగ తెలుగువారిని కోరిరి. 1917లో స్వదేశమునకు తిరిగి వచ్చిరి. నాలుగేండ్ల పసివాడు ఏడేండ్ల బాలుడై యుండెను.

తిరిగి వచ్చిన పిమ్మట కొంతకాలము బందరులో న్యాయవాదవృత్తి సాగించి, 1922లో కృష్ణకు ఆవలి గట్టున నున్న తెనాలికి నివాసము మార్చిరి. 1925లో ఆ పట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. నేను ముఖ్యముగ చెప్పదలచినది ఇచ్చటినుండియే ప్రారంభమగుచున్నది.

పాఠక మహాశయులారా! పురపాలక సంఘాధ్యక్షుని పని దూరమునుండి చూచువారికి పూలదండలవలె కనబడును. దగ్గరకు పోయిన మురుగుకాలువవలె కనబడును. 1920వ సంవత్సరపు మదరాసు జిల్లా మునిసిపాలిటీల శాసనము ననుసరించి వీథులు, దీపములు, మంచినీరు, పారిశుద్ధ్యము, అంగళ్లు, ప్రాథమిక పాఠశాలలు, అంటువ్యాధుల నివారణ మొదలగునవన్నియు ఆ సంఘముపై బడిన భారములే. వానికి కావలసిన ద్రవ్యము ఇంటిపన్ను మొదలగు పన్నుల వలన రావలెను. పన్ను వేసినచో పౌరునకు కోపము. వేయనిచో వీథి చీకటి. తన వార్డునకు దీపము ముందుగ రావలెనని ఒక సభ్యుడు, తన వీథికి కాలువ ముందుగ త్రవ్వవలెనని వేరొకడు. పన్ను వసూలుకై ఇంటింటికి తిరిగి మాటలు పడిన అనుభవము నాకును కొంత కలదు గనుక, ఆ పీఠము మెత్తనిది కాదని నొక్కి చెప్పగలను. కక్షిదారుల వ్యాజ్యములు చూచుకొనుచు, ఊరి తగవులు వినుచు, వీని నడుమ పద్యము వ్రాయుటకు తీరిక చేసికొనుట సామాన్యులకు సాధ్యము కాదు.

ఇట్టి పనులలో జనులను నొప్పింపక కాలము గడపుట తెలివిగల అధ్యక్షుల పద్ధతి. రామస్వామిగారికి ఆ తెలివి లేకపోలేదు. అట్టి తెలివి వారికి అక్కరలేకపోయినది. గంగానమ్మ కొలుపులయందు మూగజంతువులను బలి యిచ్చు ఆచారమును ఆయన నిషేధింపజేసిరి. మన డెల్టా పల్లెలలో పుట్టినవారికి ఈ మాట బరువు వేరుగ చెప్పనక్కరలేదు. మశూచి వచ్చినను, కలరా వచ్చినను, వాన రాకున్నను అమ్మవారికి కొలుపు చేయుట తరతరముల నమ్మకము. రేపు ఊరిలో జబ్బు వచ్చిన యెడల ఆ నింద యెవరిపై పడునో ఆయనకు తెలియనిది కాదు. జనులకు ఆగ్రహము కలిగినది. సభ్యులు అవిశ్వాస తీర్మానమును తెచ్చిరి. ఆయన పదవి పోయినది.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఆ పట్టణమే ఆయనను మరల ఎన్నుకొన్నది. 1938 వరకు ఆయన పురపాలనలో కొనసాగిరి. పదవి కొరకు మాట మార్చుకొనలేదు. మాట పట్టింపుతో ఊరిని విడిచిపోను లేదు. కోపించిన ఊరు కొంతకాలమునకు తానే తిరిగి పిలిచినది. నేటి పంచాయతీలలో నిలబడు యువకులు గమనింపవలసిన సంగతి యిది.

పురాణములు చదువు అలవాటు గల నాకు ఇచ్చట వేనరాజు కథ స్మరణకు వచ్చుచున్నది. వేనుడు యజ్ఞములను నిషేధించెననియు, ఋషులు ఆగ్రహించి ఆతనిని సంహరించిరనియు పురాణములు చెప్పుచున్నవి. ఆతడు దుష్టుడని మనము చిన్ననాటినుండి వినియున్నాము. కవిరాజుగారు ఆ కథనే గ్రహించి ఖూనీ యను నాటకమును రచించి, రాజు చావును హత్యగ నిరూపించిరి. శంబూకవధయందు శూద్రతపస్వి పక్షము వహించిరి. సూతపురాణమున పురాణముల నన్నిటిని ప్రశ్నించిరి. బలిని నిషేధించి పదవిని కోల్పోయిన మనుష్యుడు వేనుని కథను మన కంటె వేరుగ చదువుటలో వింత యేమున్నది?

ఇక గృహము. తెనాలిలో ఆయన తన యింటికి సూతాశ్రమమని పేరు పెట్టుకొనిరి. నైమిశారణ్యమున శౌనకాది మునులకు పురాణములు వినిపించిన సూతుడు బ్రాహ్మణుడు కాడు. అట్టివాని పేరు ఇంటికి పెట్టుటయే ఒక వాదము. ఆ యింట కవులు, పండితులు, వాదించుటకు వచ్చువారు, సహాయము కోరి వచ్చువారు నిత్యము ఉండెడివారు. గోపీచంద్ గారు బాలుడై యుండగనే తల్లి పున్నమ్మగారు గతించిరి. రామస్వామిగారు మరల వివాహమాడి సంసారమును నిలుపుకొనిరి. ఊరిపనికై వచ్చువారితో ఇల్లు నిండియుండగా, తల్లిలేని బిడ్డ తండ్రితో ఏకాంతముగ గడపగల సమయ మెంత మిగిలియుండును? ఈ పద్దు ఏ చిట్టాలోను కనబడదు. కాని ప్రజాసేవకుల ఇండ్లలో పిల్లలు చెల్లించు పన్ను ఇదియే.

ఆయన సంస్కారము వీథికే పరిమితము కాలేదు. వివాహమంత్రములు వధూవరులకు అర్థము కావలెనని తలచి, వివాహవిధి యను పేరున తెలుగులో పెండ్లితంతును రచించిరి. తామే పురోహితులై అనేక వివాహములు జరిపించిరి. న్యాయవాదియు పురపాలకుడును అయిన పెద్దమనిషి పీటలయొద్ద కూర్చుండి, పెండ్లికుమారునకు తన మాట తనకు తెలియునట్లు పలికించుట ఆనాడు ఎంత నవ్వులాటకు, ఎంత నిందకు కారణమైయుండునో! అయినను మన ప్రాంతమున ఎన్నో కుటుంబములు ఆ పద్ధతిని ఆదరించినవి.

ఇచ్చట నా సంగతి కొంత చెప్పుకొనక తప్పదు. నేను భారత భాగవతములను గురువు లేకయే, నిఘంటువు ముందు పెట్టుకొని చదువుకొన్నవాడను. కవిరాజుగారి పురాణ విమర్శ నాకు చాల చోట్ల రుచింపదు. నేటికిని అన్నియు అంగీకరింపజాలను. నా యౌవనమున మా ఊరి కొలుపునకు చందాల జాబితాను నేనే వ్రాసితిని. పోతు ఖరీదును నా చేతితోనే ఖర్చు పద్దున చూపితిని. అప్పుడు ఎనిమిదేండ్ల నా కుమారుడు ప్రక్కన నిలిచి, నాన్నా, దానిని ఎందుకు చంపవలెనని అడిగినాడు. పెద్దల పనిలో నీకేమని కసరి పంపితిని. మరల వాడు ఆ ప్రశ్న అడుగలేదు.

చాల ఏండ్లకు ఈ గ్రంథాలయముననే గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర నా చేతికి వచ్చినది. ఎందుకని ప్రశ్నించుట నేర్పినందులకు కృతజ్ఞతగా ఆయన ఆ నవలను తండ్రిగారికి అంకితము చేసిరి. ఆ పుట చదివి నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. ఒక తండ్రి ఊరితో తగవుపడి పీఠము పోగొట్టుకొనియు కుమారునకు ఆ ప్రశ్న నిచ్చెను. నేను ఊరితో మంచిగనుండి నా కుమారుని నోట ఆ ప్రశ్నను ఆర్పితిని. ఎవరి పద్దు లాభమున తేలినదో చెప్పుటకు గొప్ప లెక్కలు రానక్కరలేదు.

ఇంకొక విశేషము గలదు. ఆ కుమారుడు తండ్రి మార్గముననే నిలిచిపోలేదు. హేతువాదమునుండి బయలుదేరి, పిమ్మట అరవిందుని తత్త్వము వైపు మొగ్గిరి. 1962లో ఆయన గతించిన పిదప, పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా నవలకు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తండ్రి నేర్పిన ప్రశ్నను తండ్రి సిద్ధాంతముపైననే ప్రయోగించి చూచిన కుమారుడాయన. అట్టి స్వేచ్ఛ నిచ్చిన తండ్రి గొప్పవాడని నా విశ్వాసము. కుమార్తె చౌదరాణిగారును రచయిత్రియై, మదరాసులో రాణీ బుక్ సెంటరు పేర తెలుగు పుస్తకముల అంగడి నడిపిరి. పుస్తకమును ప్రేమించు మనకు ఆ పేరును స్మరణీయమే.

కవిరాజుగారు 1943 జనవరి 16వ తేదీన, ఏబదియారేండ్లు నిండిన మరునాడు దివంగతులైరి. 1987లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖవారు ఆయన స్మారకముగ తపాలాబిళ్లను వెలువరించిరి. హైదరాబాదు టాంకుబండుపై ఆయన విగ్రహము నిలిచియున్నది. బిళ్లయు విగ్రహమును గౌరవమునకు గుర్తులు. ఆయన బ్రదుకు మాత్రము పుస్తకములలో నున్నది.

ఈ గ్రంథాలయపు బీరువాలలో భాగవతమును కలదు, సూతపురాణమును కలదు. ఇరువదియైదేండ్లుగ అవి ఒకే కప్పు క్రింద తగవు లేక నివసించుచున్నవి. మన బిడ్డలు రెండింటిని చదువుదురు గాక! చదివి ఎందుకని అడిగిన నాడు, కసరక బదులు చెప్పు ఓర్పు మనకు కలుగు గాక! ఆ ఓర్పే కవిరాజుగారికి ఈ రజతోత్సవ వేళ మనము సమర్పింపదగిన నివాళి.