అసాధ్యాన్ని జయించిన గురువు: మాన్యుయెల్ లారమెండి

స్పెయిన్ దేశానికి ఉత్తరాన, ఫ్రాన్సు సరిహద్దుకు అటూ ఇటూ బాస్కు ప్రజల సీమ ఉంది. యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ గారు ఆ గడ్డ మీద పుట్టినవారే. 1542లో గోవా తీరాన దిగిన పునీత ఫ్రాన్సిస్ శౌరిగారి మాతృభాష కూడా బాస్కే. చుట్టూ ఉన్న స్పానిషు, ఫ్రెంచి భాషలతో గాని, నేడు బ్రతికి ఉన్న మరే భాషతో గాని దీనికి చుట్టరికం రుజువు కాలేదు. ఈ భాషకు మొట్టమొదట సమగ్రమైన వ్యాకరణాన్ని అచ్చువేయించినది ఒక యేసు సభ గురువు. ఆయనే మాన్యుయెల్ లారమెండి.

1690 క్రిస్మస్ పండుగ రోజుల్లో గిపుస్కోవా సీమలోని అందొవాయిన్ అనే ఊరిలో ఆయన జన్మించారు. తండ్రి ఇంటి పేరు గరగొర్రి. అయినా తల్లి ఇంటి పేరైన లారమెండితోనే లోకానికి తెలిశారు. 1707లో యేసు సభలో చేరారు. చదువుల కోసం బాస్కు సీమ విడిచి వెళ్ళి, పేరుగాంచిన సలమాంకాలో వేదశాస్త్రం అభ్యసించి, తరువాత అక్కడే బోధించారు.

ఆ కాలపు పండితులలో చాలామందికి బాస్కు అంటే చులకన. అది రైతుల, పల్లెటూరివారి మాట అనీ, నియమం లేని భాష అనీ, దానికి వ్యాకరణం రాయడం అసాధ్యమనీ అనుకునేవారు. ఇది పండితుల మధ్య వాదం మాత్రమే అయితే మనకు అంత పట్టింపు ఉండనక్కరలేదు. కాని భాష చులకనైతే ఆ భాషలో చెప్పే ప్రసంగమూ చులకనైపోతుంది. లాటిను, స్పానిషు భాషల్లో చదువుకున్న గురువులు తమ ఊరి భాషను శ్రద్ధగా నేర్వక, స్పానిషు మాటలు కలిపి ప్రసంగిస్తుంటే, బాస్కు తప్ప మరొకటి తెలియని ముసలమ్మకు సువార్త ఎలా చేరుతుంది? లారమెండిగారిని బాధించినది ఇదే.

1729లో సలమాంకాలో ఆయన వ్యాకరణం వెలువడింది. దాని పేరే ఒక జవాబు. తెలుగులో చెప్పాలంటే ‘జయించబడిన అసాధ్యం’. నియమం లేదన్న భాషలో ఎంత క్రమం ఉందో అందులో పట్టికలు వేసి చూపించారు. అన్నిటికన్నా చిక్కైనది క్రియ. తెలుగువారమైన మనకు ఈ చిక్కు ఒక చిన్న పోలికతో బోధపడుతుంది.

‘నేను మీకు ఇచ్చాను’ అన్నప్పుడు క్రియ చివర ఉన్న ‘ను’ ఇచ్చినది ఎవరో చెబుతుంది. పుచ్చుకున్నది ఎవరో మన క్రియ చెప్పదు. అందుకు ‘మీకు’ అనే మాట విడిగా కావాలి. బాస్కులో అలా కాదు. ‘ఎమన్ దిసుత్’ అంటే చాలు, నేను దానిని మీకు ఇచ్చాను అని అర్థం. ‘ఎమన్’ ఇచ్చే పనిని తెలుపుతుంది. పక్కనున్న సహాయక క్రియ మనుషులను తెలుపుతుంది. ‘దిసుత్’లో ‘సు’ అంటే మీకు, చివరి ‘త్’ అంటే నేను. అదే ‘సు’ చివరికి వెళితే ఇచ్చేవారు మీరవుతారు. ‘ఎమన్ దిదసు’ అంటే మీరు నాకు ఇచ్చారు. ఇందులో ‘ద’ అంటే నాకు. ఇచ్చిన వస్తువులు ఒకటికి మించితే ‘స్కి’ చేరి ‘దిస్కిసుత్’ అవుతుంది. వాక్యంలో ‘మీకు’ అని విడిగా చెప్పినా క్రియలోని ‘సు’ను వదలరాదు. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. ఇచ్చేవారి గుర్తు ఏది, పుచ్చుకునేవారి గుర్తు ఏది అని విడదీసి చూస్తే చిక్కు విడిపోతుంది.

బాస్కు ప్రజలు పరలోక జపంలో అనుదిన ఆహారం అడిగేటప్పుడు పలికే క్రియ ‘ఎమాయిగుసు’. అందులో ‘గు’ అంటే మాకు, ‘సు’ అంటే మీరు. అడిగే బిడ్డలూ, ఇచ్చే తండ్రీ ఆ ఒక్క మాటలోనే ఉన్నారు. పల్లెటూరి తల్లి బడికి వెళ్ళకుండానే ఇంత క్రమమైన మాట తన బిడ్డకు నేర్పింది. లారమెండిగారు కొత్తగా నియమాలు కల్పించలేదు, ఆ తల్లి నోట ఉన్నవాటిని కాగితం మీద పెట్టారు.

1730 నుండి 1733 వరకు ఆయన బయోన్ పట్టణంలో, స్పెయిన్ రాజు రెండవ చార్లెసు భార్య, విధవరాలైన మరియానా రాణిగారికి పాపసంకీర్తనం వినే గురువుగా ఉన్నారు. తరువాత రాజకుటుంబపు కొలువు విడిచి, పునీత ఇగ్నేషియస్ గారు పుట్టిన లొయోలాకు చేరి, జీవితాంతం అక్కడే ఉండిపోయారు. 1745లో స్పానిషు, బాస్కు, లాటిను భాషల నిఘంటువును రెండు సంపుటాలుగా ప్రకటించారు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. తన భాష మీది ప్రేమతో, పూర్వం స్పెయిన్ అంతటా బాస్కే మాట్లాడేవారని వాదించారు. నిఘంటువులో మాట దొరకని చోట తానే మాటలు కల్పించి చేర్చారు. ఆ వాదాన్ని తరువాతి పండితులు అంగీకరించలేదు. ప్రజల నోటి నుండి విని రాసినది మాత్రం నిలిచింది.

ఆయన చూపిన బాటలో కర్దబేరస్, మెందిబూరు అనే యేసు సభ గురువులు బాస్కు భాషలో భక్తి గ్రంథాలు రాశారు. లారమెండిగారు 1766 జనవరిలో లొయోలాలో కన్నుమూశారు. మరుసటి ఏడే రాజాజ్ఞతో యేసు సభ వారిని స్పెయిన్ నుండి వెళ్ళగొట్టారు. ఆ శిష్యులిద్దరూ ప్రవాసులుగా ఇటలీలో మరణించారు. బాస్కు భాష మాత్రం మరణించలేదు. 1968లో దేవమాత పుణ్యక్షేత్రమైన అరాన్సాసులో పండితులు సమావేశమై, రాతలో అందరికీ ఒకే బాస్కు ఉండేలా పునాది వేశారు. 1979 నుండి స్పెయిన్‌లోని బాస్కు స్వపరిపాలన ప్రాంతంలో అది స్పానిషుతో పాటు అధికార భాష.

విచారణలలోని తల్లిదండ్రులారా! మన పిల్లలు పెద్ద చదువుల కోసం ఏ భాష నేర్చినా సంతోషమే. కాని రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మమ్మ చెప్పే జపం వారికి అర్థం కావాలి, వారు చెప్పే జపం అమ్మమ్మకు అర్థం కావాలి. ఇంటి భాషను శ్రద్ధగా నేర్పడం కూడా విశ్వాసాన్ని అందించడంలో ఒక భాగమే.