అలెస్సాండ్రో వోల్టా

ఇటలీ దేశపు ఉత్తరభాగమున కొండల నడుమ కోమో అను సరస్సు కలదు. దాని యొడ్డుననున్న అదే పేరుగల పట్టణమున 1745వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అలెస్సాండ్రో వోల్టా జన్మించెను. నాలుగేండ్లు వచ్చువరకు ఆ బాలునకు మాటలు రాలేదందురు. ఏడేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. వంశము గొప్పదే కాని ధనము మిగులలేదు. పెద్దలు అతనిని న్యాయవాదిని చేయదలచిరి. అతని మనస్సు మాత్రము విద్యుత్తుపై లగ్నమై యుండెను.

ఆ కాలమున విద్యుత్తు ఒక వేడుకవంటిది. గాజును రాచి నిప్పురవ్వలు పుట్టించి సభలలో జనులను ఆశ్చర్యపరచుచుండిరి. రవ్వ మెరసి క్షణములో మాయమయ్యెడిది. ఏటి నీటివలె ఎడతెగక పారు విద్యుత్తును కల్పింప నెవ్వరికిని సాధ్యము కాలేదు. వోల్టా 1774లో కోమో పాఠశాలయం దుపాధ్యాయుడయ్యెను. 1776లో మాజియోరె సరస్సు తీరపు బురదనుండి బుడగలుగా వెలువడు వాయువును పట్టి, అది మండునని కనుగొనెను. అదియే మీథేను. పిదప పావియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడై చిరకాలము పనిచేసెను.

బొలోన్యా నగరమున గాల్వానీ అను శరీరశాస్త్ర పండితుడుండెను. అతడు చచ్చిన కప్పల కాళ్లను ఇత్తడి కొక్కెములకు తగిల్చి ఇనుప కటకటాలకు వ్రేలాడదీసెను. కొక్కెము ఇనుమును తాకినపుడెల్ల ఆ కాళ్లు ప్రాణమున్నట్లు ఎగిరిపడెను. విద్యుత్తు జంతుదేహముననే దాగియున్నదనియు, లోహములు దానికి దారి మాత్రమేననియు తలచి, గాల్వానీ 1791లో ఆ సంగతిని ప్రకటించెను. యూరపులోని కప్పలకు గడ్డుకాలము వచ్చెను.

వోల్టా మొదట ఆ సిద్ధాంతమును మెచ్చి తానును ప్రయోగములు చేసెను. చేయగా చేయగా సందేహము పుట్టెను. రెండు వేర్వేరు లోహములను వాడినపుడు కాలు చక్కగా కదలుచుండెను. ఒకే లోహమైనచో కదలుట అరుదు. తగరపు రేకును, వెండి నాణెమును నాలుకపై నుంచి వాని యంచులను కలుపగా వింతరుచి తోచెను. ఇందు కప్ప యెక్కడ? శక్తి లోహములదే యనియు, కప్పకాలు దానిని తెలుపు సాధనము మాత్రమే యనియు వోల్టా వాదించెను. గాల్వానీ పక్షమువారు ఊరకుండలేదు. లోహమే లేకుండ, నరమును కండరమునకు తాకించి కాలిని కదలించి చూపిరి. పండితలోకము రెండుగా చీలెను. అంతలో రాజ్యము మారెను. క్రొత్త ప్రభుత్వమునకు విధేయత ప్రకటింప నిరాకరించి గాల్వానీ ఉద్యోగమును కోల్పోయెను. వాదము తేలకమునుపే 1798లో కన్నుమూసెను.

జంతువుతో పనిలేక విద్యుత్తును పుట్టించిననేగాని తన మాట నిలువదని వోల్టా యెరుగును. ఒక జత లోహము లిచ్చు శక్తి అత్యల్పము. కావున వెండి బిళ్లపై తుత్తునాగపు బిళ్లను, దానిపై ఉప్పునీట తడిపిన అట్టముక్కను ఉంచి, మరల వెండి, తుత్తునాగము, అట్ట అను వరుస తప్పకుండ 30, 40, 60 జతలవరకు దొంతిగా పేర్చెను. క్రింది బిళ్లను ఒక చేతితోను, మీది బిళ్లను మరియొక తడిచేతితోను తాకగా చేతులు జివ్వుమనెను. మరల తాకిన మరల జివ్వుమనెను. శక్తి రవ్వవలె ఒక్కసారితో తీరిపోలేదు. అయితే బరువునకు అట్టలలోని నీరు పిండుకొని ప్రక్కలకు కారుచుండెను. అందుచేత గిన్నెలలో ఉప్పునీరు పోసి, లోహపు పట్టీలతో గిన్నెకు గిన్నెను కలుపు మరొక పద్ధతినికూడ అతడు కనిపెట్టెను. ఈ సంగతులన్నియు 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు లేఖగా వ్రాసెను.

ఆ లేఖ సభలో చదువబడకమునుపే నికల్సను, కార్లైలు అను ఆంగ్లేయులు అట్టి దొంతిని పేర్చి, దాని తీగలను నీట ముంచి, నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడదీసిరి. 1807లో హంఫ్రీ డేవీ పెద్ద ఘటమాలలతో పొటాసియము, సోడియము అను లోహములను బయల్పరచెను. 1801లో పారిసు నగరమున నెపోలియను ఎదుట వోల్టా తన దొంతిని ప్రదర్శించి స్వర్ణపతకము నందుకొనెను. 1810లో కౌంటు బిరుదము లభించెను.

ఇంతకును దొంతిలో విద్యుత్తు ఎచ్చటనుండి వచ్చుచుండెను? రెండు లోహములు తాకుటయే కారణమని వోల్టా నమ్మెను. తడి యట్ట అతనికి దారి మాత్రమే. గాల్వానీ లోహములను తక్కువగా నెంచినట్లే వోల్టా ఉప్పునీటిని తక్కువగా నెంచెను. నిజమునకు పని జరుగునది ఆ తడిలోనే. తుత్తునాగపు పరమాణువులు ఎలక్ట్రానులను విడిచి ఉప్పునీట కరగును. ఆ ఎలక్ట్రానులు తీగవెంట వెండివైపునకు పోయి, అచ్చటి నీటినుండి ఉదజనిని విడిపించును. ఈ పయనమే ప్రవాహము. తుత్తునాగము తరిగిపోయిన ప్రవాహము నిలిచిపోవును. తుత్తునాగమున జరుగు రసాయనిక మార్పునకును ప్రవాహమునకును సంబంధము కలదని డేవీ 1800లోనే గుర్తించెను. వోల్టా మాత్రము తన సిద్ధాంతమును వీడలేదు. మరి గాల్వానీ తలపును వట్టిది కాదు. నరములలో విద్యుత్తు కలదని తరువాతివారు రుజువు చేసిరి.

వోల్టా ఘటమున ఉదజని బుడగలు లోహమునకు అంటుకొని ప్రవాహమును త్వరలోనే బలహీనపరచును. 1836లో డేనియలు రాగిపలకను మైలుతుత్తపు ద్రావణమున నుంచి, బుడగలకు బదులు రాగియే పేరుకొనునట్లు చేసి ఆ చిక్కును తీర్చెను. 1859లో ప్లాంటే సీసపు పలకలను గంధకికామ్లమున ముంచి, శక్తి తీరిన పిదప ఎదురు ప్రవాహముతో మరల నింపుకొనదగు ఘటమును కల్పించెను. మోటారు బండ్లలోని బ్యాటరీ దాని సంతతియే. 1866లో లెక్లాంచి తుత్తునాగమును, బొగ్గుకడ్డీని, నవాసారమును వాడెను. చేతిదీపములలోని పొడిఘటములు దానినుండి పుట్టినవి. పదార్థములు మారినను, ఒక కొన ఎలక్ట్రానుల నిచ్చుట, వేరొక కొన గైకొనుట అన్నిటను ఒక్కటే.

వోల్టా 1819లో ఉద్యోగము విరమించి కోమో చేరి, 1827 మార్చి 5వ తేదీన మరణించెను. 1881లో విద్యుత్పీడనపు కొలతకు వోల్టు అని పేరిడిరి. దొంతికి నూరేండ్లు నిండవచ్చిన సందర్భమున 1899లో కోమోలో జరిగిన ప్రదర్శనమున అగ్నిప్రమాదము సంభవించి, అతడు స్వయముగా వాడిన పరికరములు పెక్కు కాలిపోయెను. మిగిలిన వానిని, వాని నమూనాలను 1927లో ఆ సరస్సు తీరముననే కట్టిన స్మారకభవనమున నుంచిరి.