కొండలెక్కిన కొడుకు.. మోకరించిన తల్లి

చైనాకు నైరుతి మూలన, బర్మా సరిహద్దును ఆనుకుని యునాన్ రాష్ట్రం ఉంది. అక్కడ గావోలిగాంగ్ పర్వతాలు ఆకాశాన్ని తాకుతుంటాయి. వాటి పక్కనే లోతైన లోయలో సాల్వీన్ నది పరుగులు తీస్తుంది. ఆ కొండవాలుల మీద తరతరాలుగా బతుకుతున్న గిరిజనులే లీసులు. నూరేళ్ల కిందట వారిని వెతుక్కుంటూ ఆ కొండలెక్కిన దైవజనుడు జేమ్స్ అవుట్రమ్ ఫ్రేజర్.

1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఫ్రేజర్‌కు లోకం దృష్టిలో ఏ లోటూ లేదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు. పియానో వాయించడంలో దిట్ట. అలాంటి రోజుల్లో తోటి విద్యార్థి ఇచ్చిన ఒక చిన్న పుస్తకం ఆయన గుండెను గుచ్చింది. సర్వలోకానికి సువార్త ప్రకటించమన్న ప్రభువు ఆజ్ఞను విశ్వాసులు ఇంకా ఎందుకు నెరవేర్చలేదన్నదే అందులోని ప్రశ్న. ఉద్యోగాన్ని, సంగీతాన్ని పక్కనపెట్టి, హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్‌లాండ్ మిషన్‌లో చేరి 1908లో ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

బర్మాలోని భామో నుంచి కంచరగాడిదల బాటన వారం రోజులకు పైగా ప్రయాణిస్తే టెంగ్యూ పట్టణం వస్తుంది. ఇప్పుడు దాన్ని టెంగ్‌చాంగ్ అంటున్నారు. అక్కడ చైనీస్ భాష నేర్చుకుంటూ పరిచర్య చేస్తున్న ఫ్రేజర్‌కు సంతరోజున కొండల నుంచి దిగివచ్చే మనుషులు కనబడేవారు. తలపాగాలు, రంగురంగుల దుస్తులు, పూసల దండలు, చైనీయులకు అర్థంకాని భాష. వాళ్లే లీసులని తెలిసింది. వారిలో కొందరితో స్నేహం చేసుకుని వారి వెంటే కొండలెక్కాడు.

అక్కడి జీవితం కఠినం. ఏటవాలు నేలమీద వెదురు ఇళ్లు, ఇంటి మధ్య ఆరని నిప్పు, దాని చుట్టూ పడక. మొక్కజొన్న, అడవి ఆకుకూరలే భోజనం. వేటకు విల్లంబులు. దారుల్లో దొంగల భయం, వానాకాలంలో జారిపడే బురద. అయినా వచ్చిన అతిథిని లీసులు ఆదరంగా నిప్పు పక్కన కూర్చోబెట్టేవారు. ఫ్రేజర్ వారిలాగే తిని, వారి మధ్యే పడుకుని, ఒక్కో మాటనూ నోట్‌బుక్‌లో రాసుకుంటూ భాష నేర్చుకున్నాడు.

ఆ ఆదరణ వెనుక పెద్ద భయం ఉంది. ప్రతి ఇంట్లోనూ దయ్యాలకు ఒక అర ఉండేది. జ్వరమొచ్చినా, పంట పోయినా కోడినో పందినో బలి ఇవ్వాలి. బలులకోసం అప్పుల పాలయ్యేవారు. పెళ్లిళ్లలో సారా, పొలాల్లో నల్లమందు సరేసరి. చదువుకుందామంటే వాళ్ల భాషకు లిపి లేదు. పూర్వం తమ రాత తోలు మీద ఉండేదనీ, దాన్ని కుక్క తినేసిందనీ వాళ్లలో ఒక కథ ఉంది.

ఫ్రేజర్ చెప్పిన సువార్త విని కొన్ని కుటుంబాలు దయ్యాల అరను పీకేశాయి. అయితే ఇంట్లో ఒకరికి జబ్బు చేయగానే భయపడి మళ్లీ బలుల వైపు తిరిగిపోయినవారు ఉన్నారు. ఏళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత ఫలితమే. ఒక వర్షాకాలంలో, వాన కారే ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆయన్ను భయంకరమైన నిరాశ చుట్టుముట్టింది. ప్రార్థన జవాబు లేకుండా పోతున్నట్టనిపించింది. చనిపోవాలన్న తలంపులు కూడా వెంటాడాయి. అప్పుడు తపాలాలో వచ్చిన ఒక ఆత్మీయ పత్రిక ఆయనకు దారి చూపింది. సిలువలో క్రీస్తు సాధించిన విజయాన్ని ఆధారం చేసుకుని సాతానును ఎదిరించవచ్చని అందులో చదివాడు. యేసు నామంలో బిగ్గరగా ప్రార్థించాడు. ఆ చీకటి తొలగింది. ఎంతటి సేవకుడైనా కుంగిపోగలడనీ, అతనికి తోడు అవసరమనీ ఈ సంఘటన మనకు నేర్పుతుంది.

ఆ తోడు ఇంగ్లండ్‌లోని లెచ్‌వర్త్ పట్టణంలో దొరికింది. తన పరిచర్య కోసం ఒక ప్రార్థనా బృందాన్ని ఏర్పాటు చేయమని ఫ్రేజర్ తల్లికి ఉత్తరం రాశాడు. కొడుకును ప్రభువుకు అర్పించిన ఆ తల్లి కొద్దిమంది స్నేహితులను పోగుచేసింది. ఏదో మొక్కుబడిగా ఆశీర్వదించమని వారు ప్రార్థిస్తే చాలదని ఫ్రేజర్‌కు తెలుసు. అందుకే ఏ ఊళ్లో ఎవరు విశ్వసించారు, ఎవరు వెనక్కి వెళ్లారు, ఎవరికి జబ్బు చేసిందన్న వివరాలన్నీ రాసి పంపేవాడు. లీసులను కళ్లతో చూడని ఆ గృహిణులు, సామాన్యులు పేరుపేరునా వారి కోసం విజ్ఞాపన చేసేవారు.

1915లో ఫ్రేజర్ కొన్ని వందల లీసు కుటుంబాలను ఇవ్వమని దేవుణ్ని విశ్వాసంతో అడిగాడు. జవాబు దొరికిందని హృదయంలో నిశ్చయత కలిగింది గాని కళ్లకు ఏమీ కనబడలేదు. ఆ ప్రాంతాన్ని వదిలి మరోచోటికి వెళ్లాలా అన్న ఆలోచన దాకా వచ్చింది. అయితే 1916 చివర్లో ఆయన మళ్లీ కొండల్లో తిరుగుతుండగా ఊరి తర్వాత ఊరు తలుపులు తెరిచింది. కొద్ది నెలల్లోనే 129 కుటుంబాలు దయ్యాల అరలను తగలబెట్టి క్రీస్తు వైపు తిరిగాయి. అదే మనిషి, అవే కొండలు, అదే సువార్త. కానరాని చోట ఏళ్ల తరబడి జరిగిన ప్రార్థనకు అది కోతకాలం.

ఆ తర్వాత ఫ్రేజర్ చేసినదంతా సంఘాన్ని దాని కాళ్ల మీద నిలబెట్టడానికే. కరెన్ జాతికి చెందిన బా థా అనే సువార్తికునితో కలిసి లీసు భాషకు లిపి తయారుచేశాడు. ముద్రణ తేలికయ్యేలా ఇంగ్లిషు పెద్దక్షరాలనే నిటారుగా, తలకిందులుగా వాడిన లిపి అది. 30 హల్లులు, 10 అచ్చులు. విదేశీ డబ్బుతో సువార్తికులకు జీతాలివ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. మందిరాలు లీసులే కట్టుకున్నారు, పుస్తకాలు లీసులే కొనుక్కున్నారు. పియానో వదిలివచ్చిన ఆ సంగీతకారుడు వారికి నాలుగు స్వరాల్లో కీర్తనలు పాడడం నేర్పాడు. సహసేవకులు, లీసు విశ్వాసుల శ్రమతో 1936లో కొత్త నిబంధన అనువాదం పూర్తయింది. 1938 సెప్టెంబరు 25న, 52 ఏళ్ల వయసులో, మెదడుకు సోకిన మలేరియాతో ఆయన బావోషాన్‌లో ప్రభువు సన్నిధికి చేరాడు.

తర్వాతి దశాబ్దాల్లో చైనాలో విదేశీ మిషనరీలు వెళ్లిపోవాల్సివచ్చింది, మందిరాలు మూతపడ్డాయి. అయినా లీసుల సంఘం ఆరిపోలేదు. 1968లో పూర్తి లీసు బైబిల్ వచ్చింది. 1992లో చైనా ప్రభుత్వం ఫ్రేజర్ లిపిని అధికారికంగా గుర్తించింది. చైనా, బర్మాలలోనే కాదు, మన అరుణాచల్ ప్రదేశ్‌లోని చాంగ్లాంగ్ జిల్లాలోనూ లీసు విశ్వాసులు ఆరాధిస్తున్నారు.

యెహోషువ లోయలో అమాలేకీయులతో పోరాడుతుంటే కొండ మీద మోషే చేతులెత్తాడనీ, అలసిన ఆ చేతులను అహరోను, హూరు మోశారనీ నిర్గమకాండంలో చదువుతాం. ఫ్రేజర్ జీవితంలో కొండ మీద ఉన్నవాడే పోరాడాడు, చేతులెత్తినవాళ్లు ఇంటి దగ్గర ఉన్నారు. యుద్ధం మాత్రం ఒక్కటే. అందరం కొండలెక్కలేం. వయసు, ఆరోగ్యం, బాధ్యతలు అడ్డొస్తాయి. కాని మన సంఘం పంపిన సేవకుడు ఈ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో, ఎవరి ఇంట జబ్బు ఉందని బాధపడుతున్నాడో మనకు తెలుసా? తెలుసుకుని, ఆ పేర్లతోనే మోకరిద్దాం. ఫలితం కనబడకపోయినా ఆపకుండా ప్రార్థించే కృపను ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక!